కంపు వదలని కుక్క

ఖమ్మం మైదానాలు అయిపోయి భద్రాచలం అడవులు మొదలయ్యే చోట ములకలపల్లి ఉన్నది. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఇది భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. ఇటువంటి అడవి అంచు ఊళ్ళలో కుక్కకు పని ఎక్కువ. పగలు పశువుల వెంట పోతుంది. ఎండాకాలంలో తునికాకు కోసేవారి వెంట, ఇప్పపూలు ఏరేవారి వెంట పోతుంది. రాత్రి చేను దగ్గర కాపలా కాస్తుంది. కొత్త వాసన ఏదైనా ముక్కుకు తగిలితే పొదల్లోకి దూరిపోతుంది. ఒక్కొక్కప్పుడు ఇంటిల్లిపాదీ ముక్కు మూసుకునేటంత కంపుతో తిరిగి వస్తుంది.

ఆ కంపు ఎక్కడిది? చాలాసార్లు ఏ కుళ్ళిన కళేబరం మీదనో అది తనంతట తానే పొర్లి ఉంటుంది. కుక్కలకు అదొక సరదా! కాని కొన్నిసార్లు అది మానుపిల్లి పని కావచ్చు. మానుపిల్లి పగలంతా చెట్టు మీద పడుకుని, చీకటి పడ్డాక పళ్ళకోసం బయలుదేరుతుంది. తాటిచెట్టుకు కట్టిన కల్లుముంతలో కూడా మూతి పెడుతుంది. పేరుకు పిల్లి గాని ఇది పిల్లిజాతి కాదు; పునుగుపిల్లికి చుట్టం. రెండింటికీ తోక దగ్గర వాసన గ్రంథులు ఉన్నవి. తిరుమలలో శుక్రవారం అభిషేకం అయిన తరువాత స్వామివారి విగ్రహానికి పూసే పునుగు తైలం పునుగుపిల్లి గ్రంథి నుంచి వచ్చినదే. మానుపిల్లి అయితే, ప్రాణభయం కలిగినప్పుడు కడుపులో తిప్పేటంత చెడ్డ వాసనగల ద్రవం విడుస్తుంది. కుక్క తుమ్ముతూ తల విదిలించుకునేలోగా అది చెట్టెక్కి చక్కాపోతుంది.

ఈ విద్యలో మానుపిల్లిని తలదన్నిన జంతువు అమెరికాలో ఉన్నది. దాని పేరు స్కంక్. మన అడవుల్లో స్కంకులు లేవు. మీ చుట్టాలెవరైనా అమెరికాలో ఉంటే అడిగి చూడండి, చెబుతారు. అది పిల్లి అంత ఉంటుంది. నల్లని ఒళ్ళు, వీపున తెల్లని చారలు. ఊరికే ఎవరి జోలికీ రాదు. కోపం వస్తే ముందుకాళ్ళతో నేలను తాటిస్తుంది, తోక ఎత్తుతుంది. అంటే, 'పో, పో' అని చెప్పటమన్న మాట. ఆ భాష మనిషికి తెలుస్తుంది, కుక్కకు తెలియదు. అప్పుడు స్కంక్ పిరుదులు తిప్పి, సుమారు మూడు మీటర్ల దూరం దాకా పసుపుపచ్చని ద్రవం చిమ్ముతుంది. కంట్లో పడితే మంట, కొంతసేపు చూపు కూడా ఆనదు.

ఆ ద్రవం నీళ్ళతో ఎందుకు పోదు? ఒకటి, అది నూనెవంటిది. రెండు, దానిలో గంధకం కలిసిన థయోల్ అనే పదార్థాలు ఉన్నవి. వంటగ్యాస్ కారినప్పుడు వచ్చే వాసన మీకు తెలుసుకదా! గ్యాస్‌కు సొంతంగా వాసన లేదు. కారితే తెలియాలని దానిలో ఒక థయోల్‌ను కొద్దిగా కలుపుతారు. రవ్వంత ఉన్నా మన ముక్కు పట్టేస్తుంది. స్కంక్ ద్రవంలో ఇంకొక చిక్కు కూడా ఉన్నది: దానిలోని కొన్ని పదార్థాలు తడి తగిలినప్పుడు మెల్లగా థయోల్‌లుగా మారుతవి. అందుకే కంపు పోయిందనుకున్న కుక్క వానలో తడిస్తే మళ్ళీ కంపు కొడుతుంది!

అమెరికాలో చాలాకాలంగా ఇటువంటి కుక్కకు టమాటా రసం పూసేవారు. దానితో కంపు పోదు. చేపల బజారులో కాసేపు నిలబడితే మనకు వాసన తెలియకుండా పోతుంది. ఇంటికి రాగానే అమ్మ మాత్రం పట్టేస్తుంది. టమాటా వైద్యమూ అంతే. కుక్క దగ్గర కూర్చున్నవారి ముక్కు అలిసిపోతుంది గాని, కుక్క మారదు.

వాసనను కప్పటం కాదు, వాసన ఇచ్చే పదార్థాన్నే మార్చాలి. పాల్ క్రెబామ్ అనే అమెరికన్ రసాయన శాస్త్రజ్ఞుడు గంధకపు వాసనలతో తన ప్రయోగశాలలోనే తంటాలు పడ్డవాడు. ఆయన కనిపెట్టిన ఉపాయం 1993లో అచ్చయింది. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక లీటరు, వంటసోడా పావు కప్పు, గిన్నెలు తోమే ద్రవసబ్బు ఒకటి రెండు చెంచాలు—ఇంతే. సబ్బు జిడ్డును విడదీస్తుంది. పెరాక్సైడ్ థయోల్‌కు ఆక్సిజన్‌ను అంటగట్టి, వాసన లేని పదార్థంగా మారుస్తుంది. ఐదు నిమిషాలు ఉంచి కడిగెయ్యాలి. ఈ పని పెద్దలే చెయ్యాలి. మన మందుల షాపుల్లో 6 శాతం పెరాక్సైడ్ ఇస్తే, దానికి సమంగా నీళ్ళు కలపాలి. వంటసోడాకు బదులు చాకలిసోడా వెయ్యకూడదు, చర్మం మండుతుంది. మిశ్రమం కంట్లో పడరాదు. మిగిలితే పారబొయ్యాలి, సీసాలో పోసి మూత బిగిస్తే వాయువు పుట్టి సీసా పగిలిపోతుంది.

మరి మన అడవి నుంచి వచ్చిన కుక్క సంగతి? దానికి ఇంత హంగామా అక్కరలేదు. ముందు కళ్ళు మంచినీళ్ళతో కడగండి. పాత గుడ్డతో జిడ్డు తుడిచి, తరువాత సబ్బుతో రెండు మూడుసార్లు రుద్ది పోయండి. కొందరు కంపు పోతుందని కిరసనాయిలు పూస్తారు. అది చాలా చెడ్డ పని! చర్మం పొక్కుతుంది, కుక్క ఒళ్ళు నాక్కుంటే కిరసనాయిలు కడుపులోకి పోతుంది. కంపు కొడుతున్నదని కర్రతో తరిమేవారూ ఉన్నారు. పాపం, మనకంటే ఎన్నో రెట్లు చురుకైన ముక్కుతో ఆ కంపును భరిస్తున్నది అదే కదా!

పిల్లలూ, కంపు సంగతి చూస్తూ గాయం సంగతి మరిచిపోవద్దు. ఒంటిమీద పంటిగాట్లు ఉన్నవేమో పెద్దవాళ్ళచేత చూపించండి. అడవి జంతువు కాటువల్ల కుక్కకు రేబిస్ రావచ్చు, కుక్కవల్ల మనకు రావచ్చు. కాబట్టి గాట్లు కనిపిస్తే కుక్కను పశువైద్యశాలకు తీసుకుపోవాలి. మనిషికి కాటు పడితే సబ్బుతో, ధారగా పడే నీళ్ళకింద పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి పోయి టీకా వేయించుకోవాలి. మానుపిల్లి మీద పగబట్టి ఉచ్చులు పెట్టటానికి కూడా వీలులేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం.

స్నానం అయిన వెంటనే కుక్కను వదలకండి. ఒళ్ళు ఆరేదాకా ఎండలో కట్టెయ్యండి. లేకపోతే అది తిన్నగా పెంటకుప్ప మీదికి పోయి పొర్లుతుంది. సబ్బు వాసన దానికి బొత్తిగా గిట్టదు.