ఒక్కరే నలభై కంప్యూటర్లను కనిపెట్టుకోవడం ఎలా?

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ పెద్ద రైల్వే కేంద్రం. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉంది. ఊరి దగ్గరే ఉన్న బోద్రీలో రాష్ట్ర హైకోర్టు ఉంది. స్టేషనైనా, కోర్టైనా ఇప్పుడు పని నడిచేది కంప్యూటర్ల మీదే. కౌంటర్‌లో ఒక కంప్యూటర్ మొరాయిస్తే క్యూ అంతా ఆగిపోతుంది. అలాగని ప్రతి కంప్యూటర్ పక్కనా ఒక నిపుణుణ్ణి కూర్చోబెట్టలేం. ఎక్కడో ఒకచోట కూర్చుని అన్నింటినీ ఒకేసారి గమనించే సాఫ్ట్‌వేర్ ఈ అవసరంలోంచే వచ్చింది.

రైలును చూడని కంట్రోలర్

ఇందులోని కిటుకు రైల్వేవారికి కొత్తేమీ కాదు. సెక్షన్ కంట్రోలర్ తన పరిధిలో తిరిగే రైళ్లను కళ్లతో చూడడు. ఏ రైలు ఎన్నింటికి దాటిందో స్టేషన్ మాస్టర్లు ఫోన్‌లో చెబుతుంటే చార్టు మీద గీతలు గీసేవాడు. గీత ఎక్కడ ఆగిందో చూస్తే ఇబ్బంది ఎక్కడుందో తెలిసిపోయేది. ఇప్పుడు ఆ గీతలను కంప్యూటర్ గీస్తోంది. సూత్రం మాత్రం అదే.

కంప్యూటర్ల విషయంలో స్టేషన్ మాస్టర్ పాత్ర 'ఏజెంట్' అనే చిన్న ప్రోగ్రాముది. ప్రతి కంప్యూటర్‌లోనూ అది నిశ్శబ్దంగా నడుస్తూ ప్రాసెసర్ మీద భారం ఎంత, డిస్క్‌లో ఖాళీ ఎంత, యాంటీవైరస్ పనిచేస్తోందా వంటి వివరాలను సర్వర్‌కు పంపుతుంది. నిపుణుడి తెరపై అవి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గుర్తులుగా కనిపిస్తాయి. కబురు రావడం ఆగిపోయినా అదీ ఒక సమాచారమే: కరెంటు పోయి ఉండాలి, నెట్‌వర్క్ తెగి ఉండాలి, లేదా యంత్రం స్తంభించి ఉండాలి.

తెరలన్నీ చూపిస్తే?

నలభై తెరలనూ నేరుగా చూపిస్తే సరిపోదా? లెక్క వేద్దాం. 1920×1080 తెరలో సుమారు 20.7 లక్షల చుక్కలుంటాయి. చుక్కకు 3 బైట్ల చొప్పున ఒక్క చిత్రానికే 62 లక్షల బైట్లు. సెకనుకు 25 చిత్రాలు, నలభై కంప్యూటర్లు అంటే, కుదించకుండా పంపితే, సెకనుకు 600 కోట్ల బైట్లు దాటుతాయి. అదే ఏజెంట్ నిమిషానికోసారి 200 బైట్ల కబురు పంపితే నలభైకీ కలిపి నిమిషానికి 8,000 బైట్లే!

అందుకే తెరను అవసరమైనప్పుడే తెరుస్తారు. అప్పుడు కూడా చిత్రం మొత్తం ప్రతిసారీ రాదు. 1990లలో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ పరిశోధకులు రూపొందించిన వీఎన్‌సీ పద్ధతిలో, తెరపై మారిన భాగాలు మాత్రమే ప్రయాణిస్తాయి. నిపుణుడి మౌస్, కీబోర్డు కదలికలు అటునుంచి వెళ్తాయి.

మరి ఆఫీసు నెట్‌వర్క్‌కు కాపలాగా ఉండే ఫైర్‌వాల్ బయటివారిని లోపలికి రానివ్వదు కదా? నిజమే. అందుకే ఏజెంటే ముందుగా లోపలినుంచి సర్వర్‌కు కనెక్షన్ కలుపుతుంది. నిపుణుడి ఆదేశాలు ఆ దారిలోనే వస్తాయి.

ఒకే తాళం చెవి

సౌకర్యం ఎక్కడుందో ప్రమాదమూ అక్కడే ఉంది. ఒకే చోటినుంచి నలభై కంప్యూటర్లను బాగుచేయగలిగితే, ఆ చోటు దొంగ చేతిలో పడినప్పుడు నలభై కంప్యూటర్లూ పోతాయి. 2021 జూలైలో జరిగింది ఇదే. కసేయా అనే అమెరికన్ కంపెనీ తయారుచేసిన పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్‌లోని లోపాన్ని వాడుకుని దుండగులు రాన్సమ్‌వేర్‌ను పంపారు. దాదాపు 1,500 వరకు వ్యాపార సంస్థలు దెబ్బతిన్నాయి. స్వీడన్‌లో బిల్లింగ్ యంత్రాలు పనిచేయక కోఆప్ సూపర్‌మార్కెట్లు వందల సంఖ్యలో మూతపడ్డాయి.

కాబట్టి ఇలాంటి ఏర్పాటుకు కొన్ని కట్టుబాట్లు తప్పనిసరి. పాస్‌వర్డ్‌తో పాటు రెండో ధ్రువీకరణ ఉండాలి. ఎవరికి ఎంత పని ఉందో అంత అనుమతే ఇవ్వాలి. ఎవరు, ఎప్పుడు, ఏ కంప్యూటర్ తెరిచారో నమోదు కావాలి. తెరను మరొకరు చూస్తున్నప్పుడు ఎదురుగా కూర్చున్నవారికి ఆ సంగతి తెలియాలి.

ఈ చివరి మాట ఇళ్లకూ వర్తిస్తుంది. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామంటూ ఫోన్ చేసి ఇలాంటి యాప్ వేయించి డబ్బు కాజేసే మోసాల గురించి రిజర్వ్ బ్యాంక్ 2019లోనే హెచ్చరించింది. సహాయం మనం అడిగితే రావాలి. అడగకుండానే ఫోన్‌లో వచ్చి తెర చూపించమంటే, ఆ ఫోన్ వెంటనే పెట్టేయడమే మంచిది.