ఐరన్ మాత్ర ఎందుకు మింగరు?

గర్భిణులకి ఐరన్ మాత్రలు సర్కారు ఉచితంగానే ఇస్తుంది. నాలుగో నెల నుంచి రోజుకొకటి, మొత్తం 180. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ గర్భిణుల్లో సగానికి పైగా మందికి రక్తహీనత ఉంది, అంటే హిమోగ్లోబిన్ 11 గ్రాముల లోపు. కాన్పులో అందరికీ కొంత రక్తం పోతుంది. ముందే రక్తం తక్కువున్న మనిషికి అదే ప్రాణం మీదికొస్తుంది. బిడ్డ కూడా నెలలు నిండకుండా, బరువు తక్కువగా పుట్టొచ్చు.

మరి మాత్ర ఎందుకు మింగరు? ‘చదువు లేదు, మూఢనమ్మకం’ అనేయడం ఈజీ. యాప్ వాడట్లేదని యూజర్‌ని తిట్టే డెవలపర్‌లాంటి మాట అది. మార్క్ నిక్టర్, మిమీ నిక్టర్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్తలు అలా అనలేదు. పక్కనే కర్ణాటకలో, మంగళూరు వైపు పల్లెల్లో ఆడవాళ్లతో మాట్లాడి 1983లో ఒక పేపర్ రాశారు. గర్భంతో ఉన్నప్పుడు కడుపులో ఏం జరుగుతుందని మీరనుకుంటున్నారు అని వాళ్లనే అడిగారు.

వచ్చిన జవాబుల్లో లాజిక్ ఉంది. తిండీ, బిడ్డా కడుపులో ఒకే చోటు పంచుకుంటాయని చాలామంది లెక్క. ఎక్కువ తింటే బిడ్డకి చోటు ఇరుకవుతుంది. బిడ్డ లావైతే కాన్పు కష్టం. మందులేమో వేడి. ఇదేదో పరాయి సంగతి కాదు, ‘ఎక్కువ తింటే బిడ్డ లావైతాది’ అని మా కర్నూలు వైపు అవ్వలు కూడా అంటారు. పైగా ఐరన్ మాత్రతో మలం నల్లగా వస్తుంది, మలబద్ధకం, వికారం ఉంటాయి. వేడి చేస్తుందని ముందే భయపడుతున్న మనిషికి ఇంక ప్రూఫ్ దొరికినట్టే!

ఈ భయం తెలిస్తే ఆశా అక్క చెప్పే మాటే మారుతుంది. “ఇది బిడ్డని లావు చేసేది కాదమ్మా, నీకు రక్తం పట్టేది. నల్లగా వస్తే భయపడొద్దు. టీతో వేసుకోవద్దు, నిమ్మకాయ నీళ్లతో వేసుకో. కాల్షియం మాత్ర వేరే పూట.” నిమ్మకాయ నీళ్లు మనవాళ్ల లెక్కలో చలవ, సైన్స్ లెక్కలో ఐరన్ ఒంటికి బాగా పట్టేలా చేసేవి. రెండు లెక్కలూ ఒక్క గ్లాసులో కలుస్తాయి.

అన్నిటికీ నమ్మకాలే కారణం కాదు. ఆదోని, కోసిగి వైపు నుంచి కుటుంబాలు సుగ్గికని గుంటూరు మిర్చి చేలకి పోతాయి. గర్భిణి కూడా పోతుంది, ఆమె పేరున్న రిజిస్టర్ మాత్రం ఊళ్లోనే ఉంటుంది. అక్కడ ఆమెని ‘మాత్ర వేసుకున్నావా’ అని అడిగేవాళ్లు ఎవరు? కనీసం బస్సెక్కే ముందే, తిరిగొచ్చేదాకా సరిపడే మాత్రలు ఆమె మూటలో ఉండాలి.