ఎడారి చీతా, ఏటిగట్టు పిల్లి



మన యానాంలో జంతుప్రదర్శనశాల లేదు. ముప్పై చదరపు కిలోమీటర్ల ఊరికి అంత చోటూ లేదు. అయినా మన పిల్లల్లో పులినీ సింహాన్నీ చూడనివాళ్ళు తక్కువే. వేసవి సెలవల్లో విశాఖపట్నం తీసుకువెడతాం. పెళ్ళికో పేరంటానికో హైదరాబాదు వెళ్ళినప్పుడు మీర్ ఆలం చెరువు పక్కనున్న నెహ్రూ జూపార్కు చూపిస్తాం. అక్కడ పిల్లవాడు కంచె పట్టుకుని నిలబడి, కాసేపు చూసి, "ఏదీ, కనపడదేం? కదలదేం?" అని విసుక్కుంటాడు. ఆ జంతువు ఎందుకు కనపడటం లేదో, ఎందుకు కదలటం లేదో పెద్దవాళ్ళం మనమూ చెప్పలేం. ఇవాళ ఆ సంగతి కొంచెం మాట్లాడుకుందాం.

ముందు పేర్ల తికమక తీర్చుకోవాలి. చిరుతపులి వేరు, చీతా వేరు. పత్రికల్లో ఒక్కోసారి రెంటినీ చిరుత అనే రాసేస్తారు. చిరుతపులి ఒంటిమీద మచ్చలు పూలరేకుల్లా గుత్తులుగా ఉంటాయి. చీతా మచ్చలు సిరాబొట్టు వేసినట్టు గుండ్రంగా, నిండుగా ఉంటాయి. కంటికొలికి నుంచి మూతిదాకా కన్నీటి చారలాంటి నల్లటి గీత దిగుతుంది. చిరుతపులి వేటను నోట కరుచుకుని చెట్టెక్కుతుంది. చీతా నేలమీద పరుగెత్తే జంతువు. దాని గోళ్ళు మిగతా పిల్లుల గోళ్ళలాగా పూర్తిగా లోపలికి ముడుచుకోవు. పరుగుపందెగాడి బూట్ల మేకుల్లా నేలను పట్టుకుంటాయి. అది గర్జించలేదు, పెంపుడు పిల్లిలాగా గురగురలాడుతుంది.

ఈ చీతా మనకు పరాయిది కాదు. ఒకప్పుడు రాజులు వేటకుక్కల్లాగే చీతాలను పెంచి, బండిమీద తీసుకువెళ్ళి, జింకల మందమీదికి వదిలేవారు. విజయనగరం రాజావారికీ చీతాలుండేవి. 1880లో విశాఖపట్నంలో గవర్నరు ఏజెంటుగా ఉన్న ఇర్విన్ అనే దొర వేటలో ఆ సంస్థానపు చీతా చేతిలోనే చనిపోయాడు. మనదేశంలో చీతా మనిషిని చంపినట్టు చెప్పుకునే దాఖలా అదొక్కటే. 1952లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో చిత్తూరు జిల్లాలో చీతా కనిపించిందని ఒక చిన్న వ్యాసం అచ్చయింది. అప్పటికే మధ్యభారతంలోని కొరియా సంస్థానాధిపతి, 1947 చివరి రోజుల్లో అంటారు, ఒకే రాత్రి మూడు చీతాలను కాల్చేశాడు. మనదేశంలో చీతాలు అంతరించిపోయాయని 1952లోనే ప్రకటించారు.

రాజులు అంత పెంచారు కదా, బోనుల్లో పిల్లల్ని పెట్టి మిగలలేదా అని మీరడగవచ్చు. లేదు. అక్బరు వెయ్యి చీతాలదాకా పోగుచేసినా అవి పిల్లల్ని పెట్టలేదని ఆయన కొడుకు జహంగీరు రాసుకున్నాడు. జహంగీరు కాలంలో, 1613లో, ఒక్కసారి పెట్టింది. ఆ తరువాత మనుషుల చెరలో చీతా ఈనినట్టు మళ్ళీ దాఖలా దొరికేది 1956లో, అదీ అమెరికాలోని ఫిలడెల్ఫియా జూలో. మధ్య మూడువందల నలభై ఏళ్ళు! కారణం చాలాకాలం ఎవరికీ తెలియలేదు. అడవిలో ఆడ చీతా ఒంటరిగా తిరుగుతుంది. మగవి, ముఖ్యంగా అన్నదమ్ములు, జట్టుగా తిరుగుతాయి. ఆడదానికి ఇష్టమైనప్పుడే కలుస్తాయి. ఒకే దొడ్డిలో ఆడదాన్నీ మగదాన్నీ ఏడాది పొడుగునా ఎదురెదురుగా ఉంచితే వాటికి ఒకదాని మీద ఒకదానికి ఆసక్తే పోతుంది. ఈ సంగతి అర్థమయ్యాకే జూలలో వాటిని వేరువేరుగా ఉంచి, అదను చూసి కలపడం మొదలుపెట్టారు.

2012 అక్టోబరులో జీవవైవిధ్య సదస్సు హైదరాబాదులో జరిగింది. దానికి వచ్చిన సౌదీ యువరాజు ఒకాయన జూపార్కు చూసి, సింహాలనూ చీతాలనూ కానుకగా ఇస్తానన్నాడు. 2013లో అవి వచ్చాయి. మన గోదావరి జిల్లాలనుంచి గల్ఫ్ దేశాలకు వెళ్ళినవాళ్ళు ఎందరో. అటునుంచి ఇటు వలస వచ్చినవి మాత్రం ఆ నాలుగుకాళ్ళవేనేమో! జనం తండోపతండాలుగా వెళ్ళి చూశారు. చీతాల జంటలో ఆడది 2020లో చనిపోయింది, పదిహేనేళ్ళ మగది 2023 మార్చిలో గుండె ఆగి చనిపోయింది. జంట జంటగానే వెళ్ళిపోయింది.

చీతా పొడినేలల జంతువు. వేటాడిన జంతువు రక్తమాంసాల్లోని తడితోనే నీళ్ళు లేకుండా రోజులు గడుపుతుంది. మన కోస్తాలో లాగా చెమట ఆరని ఉక్క, నెలల తరబడి తడినేల దానికి పడవు. దీనికి ఒక బాధాకరమైన రుజువు మధ్యప్రదేశ్‌లోని కునోలో దొరికింది. 2022 సెప్టెంబరులో నమీబియానుంచి ఎనిమిది, 2023 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికానుంచి పన్నెండు చీతాలను అక్కడికి తెచ్చారు. ఆఫ్రికా దక్షిణభాగంలో జూన్ నుంచి చలికాలం. ఆ లెక్క ప్రకారం వాటి ఒంటిమీద దట్టంగా బొచ్చు పెరిగింది. ఇక్కడేమో అది వానాకాలం. మెడకు కట్టిన రేడియో పట్టీ కింద ఆ బొచ్చు తడిసి, చర్మం ఒరిసి, పుండుపడి, ఈగలు గుడ్లు పెట్టి, విషం రక్తంలోకి ఎక్కింది. 2023 జులై, ఆగస్టుల్లో మూడు చీతాలు అలా పోయాయి. జంతువును విమానంలో తేవచ్చు, దాని ఒంట్లోని పంచాంగాన్ని మార్చడం కుదరదు.

ఇక దొడ్డి సంగతి. పాతకాలపు జూలలో ఇనుప ఊచల బోను. 1907లో జర్మనీలో హాంబర్గు దగ్గర కార్ల్ హాగెన్‌బెక్ అనే జంతువుల వ్యాపారి ఊచలు తీసేసి, మధ్యలో కందకం తవ్వి, అవతల రాళ్ళూ చెట్లూ పెట్టి సింహాలను వదిలాడు. సింహం దూకగలిగే దూరం ఎంతో కొలిచి, అంతకంటే వెడల్పుగా తవ్వించాడు. మనం ఇప్పుడు చూసే దొడ్లు దానికి మనుమలు. మనదేశంలో 1992నాటి నిబంధనల ప్రకారం ఒక జత పులులకో సింహాలకో ఆరుబయట కనీసం వెయ్యి చదరపు మీటర్ల చోటుండాలనేవారు. మన లెక్కలో పాతిక సెంట్లు. అది నలుచదరంగా ఉంటే ఒక్కో వైపు 32 మీటర్లు. గంటకు వంద కిలోమీటర్ల వేగం అందుకున్న చీతాకి ఆ దూరం సెకను పైచిలుకు. అది పరుగెత్తక పడుకుందంటే బద్ధకమని తప్పుపట్టకండి. పైగా పిల్లిజాతి జంతువులు రోజులో ఎక్కువభాగం పడుకునే ఉంటాయి, అడవిలోనైనా సరే.

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో టూసాన్ పక్కన 1952లో ఒక ఎడారి జంతుప్రదర్శనశాల పెట్టారు. వాళ్ళు ఆఫ్రికా సింహాలకోసం పోలేదు. తమ ఎడారిలో తిరిగే కొండసింహాన్నీ, ఊళ్ళో కోళ్ళను ఎత్తుకుపోయే బాబ్‌క్యాట్‌నీ, ఆ రాళ్ళలోనే, ఆ బ్రహ్మజెముళ్ళ మధ్యనే చూపిస్తున్నారు. చూసినవాడు ఇంటికి వెళ్ళాక తన పెరటివెనక దిబ్బనే కొత్తగా చూస్తాడు. నాకు ఈ పద్ధతే నచ్చింది.

ఆ లెక్కన మనం చూడవలసిన పిల్లి ఎక్కడుంది? యానాం దాటి కాకినాడ రోడ్డెక్కితే కోరింగ. 1978లో అభయారణ్యమైన ఆ మడ అడవుల్లో బావురుపిల్లి ఉంది. నీటిపిల్లి అని కూడా అంటారు. ఎడారి చీతాకి ప్రతి విషయంలోనూ ఎదురు. చీతా పొడుగుకాళ్ళది, ఇది పొట్టికాళ్ళది. చీతాది పొడుగుతోక, దీనిది మొండితోక. చీతా తడికి చస్తుంది, దీని బొచ్చు కింద ఇంకో పొర దట్టమైన బొచ్చు ఉండి నీటిని చర్మందాకా రానివ్వదు. వేళ్ళ మధ్య కొంతదాకా పొర ఉంటుంది. గట్టున కూర్చుని పంజాతో చేపను చరుస్తుంది, అవసరమైతే మునిగి పడుతుంది. చీతా పగలు వేటాడుతుంది, ఇది రాత్రి.

ఇప్పుడు దానికి వచ్చిన చిక్కల్లా ఏటికీ అడవికీ మధ్య మనం తవ్వుకున్న చెరువులు. మడ కొట్టిన చోట చేపల చెరువుంటే, పిల్లికి అది చెరువని తెలియదు, చేపలున్నాయని తెలుసు. కాపలావాడు పులిపిల్ల అనుకుని కర్రెత్తుతాడు. అతని నష్టమూ నిజమే, కాదనను. కాని అది వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో, పులి పక్కనే పేరున్న జంతువు. దాన్ని చంపితే శిక్షా పులిని చంపినట్టే.

కోరింగలో మడచెట్ల మధ్య చెక్కలదారి వేశారు, మీరు నడిచే ఉంటారు. పగటిపూట ఆ పిల్లి కనపడదు. పోటు తీసిన వేళ బురదవైపు చూడండి. కుక్క అడుగయితే గోళ్ళ గుర్తులు స్పష్టంగా పడతాయి. గుండ్రటి అడుగులు వరసగా నీటి అంచుదాకా వెళ్ళి, పక్కన చేపపొలుసులో, పీతడిప్ప ముక్కలో కలిసిన పెంట కనిపిస్తే, రాత్రి అది అక్కడికి వచ్చి వెళ్ళి ఉండవచ్చు. అటవీశాఖ మనిషికి ఆ చోటు చూపించండి.