ఆ నీలి మచ్చ దెబ్బ కాదు



మా వీధిలో ఒకామె పెళ్ళయిన పదకొండేళ్ళకు ఆడబిడ్డను దత్తత తెచ్చుకుంది. ఆరు నెలల పిల్ల. మొదటిరోజు నీళ్ళు పోద్దామని బట్టలు విప్పితే నడుము కింద, పిరుదుల మీద అరచేతి మేర నీలి మచ్చలు! నేరేడుపండు నలిపి పులిమినట్టున్నాయట. "నా బిడ్డను ఎవరు కొట్టారక్కా?" అని ఏడుస్తూ నా దగ్గరికొచ్చింది.

కాన్పుల వార్డులో చాలాకాలం నర్సుగా పనిచేసినదాన్ని, నాకవి కొత్త కాదు. మన దేశంలో ఎంతోమంది పిల్లలు ఆ మచ్చలతోనే పుడతారు. కన్నతల్లి మొదటిరోజే చూస్తుంది. నల్గొండ, మహబూబ్‌నగర్ శిశుగృహల నుంచి బిడ్డను తెచ్చుకునే తల్లికి ఆ మొదటిరోజు ఉండదు కదా! అందుకే ఈ భయం.

అసలు సంగతి ఇది. చర్మానికి రంగునిచ్చే కణాలు, బిడ్డ కడుపులో ఉండగా, లోపలినుంచి చర్మం పైపొరకు చేరాలి. కొన్ని దారిలోనే, లోపొరలో ఆగిపోతాయి. నల్లని రంగు లోతున ఉంటే పైకి నీలంగా కనబడుతుంది. మన పెద్దవాళ్ళ చేతి పచ్చబొట్టు చూడండి. పొడిచింది నల్లని మసితోనే, కనిపించేది మాత్రం నీలిపచ్చ. ఈ మచ్చలు నొప్పి పెట్టవు. చాలామందికి నాలుగైదేళ్ళకల్లా వెలిసిపోతాయి.

వీటికి పాత పుస్తకాల్లో 'మంగోలియన్ మచ్చలు' అని పేరు. 1885లో జపానులో పనిచేసిన జర్మన్ డాక్టరు ఎర్విన్ బెల్జ్ పెట్టినది. ఆ పేరు విని బిడ్డకు బుద్ధిమాంద్యమేమోనని బెంగపడిన తల్లులను చూశాను. దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. కన్నతల్లి గ్రహణం పాటించలేదనే మాట మరీ అన్యాయం, ఆ మాట బిడ్డ చెవిన పడనివ్వకండి.

మరి దెబ్బను గుర్తుపట్టేదెలా? కమిలిన చోట ముట్టుకుంటే బిడ్డ ఏడుస్తుంది. రోజుల్లోనే రంగు మారి, పచ్చగా, పసుపుగా తిరిగి, రెండు వారాల్లో దాదాపు పోతుంది. పుట్టుమచ్చ అలాగే ఉంటుంది. ఫోటో తీసి పెట్టుకుని రెండు వారాలకు పోల్చి చూడండి. అయితే వాపు, నొప్పి ఉన్నా, చెవి మీదో మెడ మీదో కొత్తగా మచ్చ కనిపించినా ఆ రెండు వారాలూ ఆగకండి, అదేరోజు డాక్టరుకు చూపండి. ఎర్రగా ఉబ్బి కంటి దగ్గర పెరిగే మచ్చకూ, కాఫీరంగు మచ్చలు ఆరు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్నప్పుడూ డాక్టరు సలహా కావాలి.

దత్తతకు ముందు బిడ్డ వైద్యపరీక్ష నివేదిక మీకిస్తారు. మచ్చల మాట అందులో ఉందేమో చూసుకోండి. లేకపోతే మీ పిల్లల డాక్టరు చేత ఎక్కడ, ఎంత ఉందో రాయించి పెట్టుకోండి. రేపు బడిలో టీచరు మిమ్మల్నే అనుమానిస్తే ఆ కాగితమే జవాబు చెబుతుంది.

మా వీధి ఆమె ఇంటికెళ్ళి కాగితాలు తిరగేసింది. రెండో పేజీలోనే రాసి ఉంది: నడుము కింద నీలి పుట్టుమచ్చ. వాళ్ళత్తమ్మ అప్పటికే సున్నిపిండితో గట్టిగా రుద్దుతోందట. అది మాన్పించాం, లేత చర్మం ఒరుసుకుపోతుంది. ఇప్పుడు కొబ్బరినూనె రాస్తోంది. మచ్చ పోదు గానీ, రాయనిమ్మన్నాను.