పేరునకు నోచుకొనని వీరులు

పల్నాటిసీమలో నాగులేటి యొడ్డున కారెంపూడి యను ఊరు కలదు. పన్నెండవ శతాబ్దమున అచ్చట జరిగిన పోరులో కూలిన యోధులకు ఆ ఊరిలో ఒక గుడి యున్నది. ఏటేట కార్తిక అమావాస్య మొదలుకొని ఐదు దినములపాటు ప్రజలు గుమిగూడి ఆ వీరుల నారాధింతురు. ఆ యుత్సవములలో బాలచంద్రుని పేరెంత భక్తితో వినబడునో, లోకము అంటరానిదిగా దూరముంచిన కులమున పుట్టిన కన్నమదాసు పేరును అంత భక్తితోనే వినబడును. తెలుగునాట ఊరి పొలిమేరలలో కనబడు వీరగల్లులును ఇట్టివే. పోరులో మడిసినవానికి ముందుగా ఈయవలసిన గౌరవము వాని గురుతు నిలుపుటయే యని మన పూర్వులెరుగుదురు.

ఆధునిక యుగమున ఈ ధర్మమును బ్రిటిషు సామ్రాజ్యమును అంగీకరించినది. మొదటి ప్రపంచయుద్ధము సాగుచుండగానే, 1917లో, ఫేబియన్ వేర్ అను నాతని కృషివలన యుద్ధసమాధుల సంఘమొకటి ఏర్పడెను. సేనాని యైనను సామాన్య సిపాయి యైనను సమాధిశిల యొకే కొలతగా నుండవలెననియు, దేహము దొరకనివాని పేరు స్మారకముపై చెక్కవలెననియు, హోదానుబట్టి గాని జాతినిబట్టి గాని భేదము చూపరాదనియు ఆ సంఘము నియమము చేసికొన్నది.

ఆ యుద్ధమున 13 లక్షలకు పైగా భారతీయులు పనిచేసిరి. 70 వేలకు మించి మరణించిరి. ఫ్రాన్సులోని నవ్ షాపెల్ వద్ద 1915 మార్చి 10 మొదలు 13 వరకు జరిగిన పోరులో, ముట్టడించిన సేనలో దాదాపు సగము భారతీయులే. అచ్చట 1927లో ఆవిష్కరింపబడిన స్మారకముపై 4,700కు పైగా భారతీయుల పేర్లు కలవు. ఆ పోరులో మొదటి దినముననే నేలకొరిగి, మరణానంతరము విక్టోరియా క్రాసు పొందిన గఢ్వాలు సైనికుడు గబర్ సింగ్ నేగీ పేరు వానిలో నొకటి. ఫ్రాన్సులో నియమము నిలిచినదనవచ్చును.

ఇరాకునందు నిలువలేదు. అప్పటి మెసపొటేమియాలో మరణించి, సమాధి తెలియరానివారికై 1929లో బస్రాలో గొప్ప స్మారకమును నిర్మించిరి. దానిపై అధికారుల పేర్లు చెక్కిరి. భారతీయులలో సామాన్య సైనికులు 30 వేలకు పైగా నుండగా, వారి దళము పేరు వ్రాసి దాని ప్రక్కన మృతుల సంఖ్యను మాత్రము చెక్కిరి. ఒకే సేనలో, ఒకే ఎడారిలో ప్రాణములిడినవారిలో ఒకనికి పేరు, మరియొకనికి అంకె! ఆ రంగమున పనిచేసిన వానిలో మద్రాసు శాపర్ల దళములును కలవు. తమిళులతోను మలయాళులతోను పాటు తెలుగువారును చేరిన సేన అది. బాటలు వేయుట, వంతెనలు కట్టుట, కందకములు త్రవ్వుట వారి పని. ఆ వంతెనలమీదుగా సేనలు ముందుకు సాగినవి.

ఈ యన్యాయమును ఆ సంఘమే, దాదాపు నూరేండ్లకు, 2021 ఏప్రిల్‌లో వెలువరించిన నివేదికలో ఒప్పుకొన్నది. ఆసియా, ఆఫ్రికా ఖండములకు చెందిన 45 వేల నుండి 54 వేల మంది మృతులు సమాన గౌరవము పొందలేదనియు, కనీసము 1,16,000 మంది పేర్లు చెక్కబడనే లేదనియు, ఆ సంఖ్య 3,50,000 వరకు నుండవచ్చుననియు తెలిపినది. సమాచారలోపము కొంత కారణమే యైనను, జాత్యహంకారమే దీనికి మూలమని అంగీకరించి క్షమాపణ కోరినది.

అది పరాయి ప్రభువుల యుద్ధము గదా, దానిని మనము తలపనేల యని కొందరడుగవచ్చును. యుద్ధమును తీర్చినవారి రాజనీతిని ఎంత కఠినముగనైనను విమర్శింపవచ్చును. కాని కూటికొరకో, మాటకొరకో, తోటివానిని కాపాడుటకొరకో ప్రాణమిచ్చినవాడు ఆ రాజనీతికి కర్త కాడు. వాడొక తల్లి బిడ్డ, ఒక ఊరివాడు. వాని పేరు ఆ ఊరి సొత్తు.

స్వాతంత్ర్యానంతరము అమరులైన మన సైనికులకై ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న జాతీయ యుద్ధస్మారకము ఆరంభమైనది. నాటికి 25,942 మంది పేర్లు అందలి గ్రానైటు పలకలపై చెక్కబడియుండెను. ప్రభుత్వము చేయదగిన పని అది. పాఠశాల చేయదగిన పని మరియొకటి కలదు. 1965లోను 1971లోను పోరాడి తిరిగివచ్చినవారు వృద్ధులై మన ఊళ్లలోనే కొందరున్నారు. వారిని తరగతికి పిలిచి, వారి దళమేదో, ఏ సరిహద్దున నిలిచిరో, ఎవరితో వెళ్లి ఎవరు లేక తిరిగివచ్చిరో విద్యార్థులచేత అడిగించి వ్రాయించవలెను. వారు చెప్పు తోటివారి పేర్లను పూర్తిగా, ఇంటిపేరుతో సహా, పాఠశాల పుస్తకమున నెక్కింపవలెను. ఇందుకు ధనము అక్కరలేదు. ఆలస్యము మాత్రము తగదు.