మీకు తెలుసా? సుబ్బారావు కనుగొన్న అణువు మీ గుండెతో మాట్లాడుతుంది

మాకవరపాలెం చేలల్లో చెరకు నరికే మనిషికి పని ఊపందుకోగానే గుండె వేగం పెరుగుతుంది, చేతులకూ కాళ్లకూ రక్తం ఎక్కువ పారుతుంది. పని ఆపి గట్టు మీద కూర్చుంటే రెండూ తగ్గుతాయి. ఎవరూ చెప్పకుండానే ఎంత రక్తం ఎటు వెళ్లాలో తేల్చడంలో ఒంట్లోనే పుట్టే చిన్న చిన్న అణువుల పాత్ర పెద్దది. వాటిలో ఒక కుటుంబం కథలో మన తెలుగువాడు ఉన్నాడు.

1. ఏటీపీని లోకానికి చూపినవారిలో భీమవరం బిడ్డ ఉన్నాడు
యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరాలను పరీక్షిస్తూ 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని గుర్తించారు. జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా అదే ఏడాది విడిగా ఏటీపీని కనుగొన్నారు. ప్రాణమున్న ప్రతి కణానికీ శక్తినిచ్చే అణువు ఇదే.

2. ఆ ఏడాదే ఈ కుటుంబానికి రెండో ముఖం బయటపడింది
1929లోనే కేంబ్రిడ్జ్‌లో అలాన్ డ్రూరీ, ఆల్బర్ట్ సెంట్‌జార్జి గుండె కండరం నుంచి తీసిన సారాన్ని జంతువులకు ఎక్కించి చూశారు. గుండె వేగం తగ్గింది, గుండెకు రక్తం తెచ్చే ధమనులు విచ్చుకున్నాయి. ఆ పని చేసింది అడెనోసిన్, దాని దగ్గరి బంధువు అడెనిలిక్ ఆమ్లం. ఏటీపీ నుంచి ఫాస్ఫేట్లు ఒక్కొక్కటిగా ఊడిపోతే చివరికి మిగిలేది అడెనోసినే. అంటే ఇంధనం ఖర్చయ్యాక మిగిలిన ముక్కే కబురుగా మారుతోంది.

3. గుండె తన అవసరాన్ని తానే చెప్పుకుంటుంది
గుండె బరువు దాదాపు 300 గ్రాములు. అది రోజుకు తయారుచేసుకుని వాడేసే ఏటీపీ సుమారు 6 కిలోలు. నిల్వ మాత్రం కొన్ని సెకన్లకే సరిపోతుంది. అందుకే ఆక్సిజన్ తగ్గిందంటే ఏటీపీ విరిగి అడెనోసిన్ బయటికి వస్తుంది, ధమనుల గోడలు సడలుతాయి, రక్తం ఎక్కువగా చేరుతుంది. ఈ ఆలోచనను 1963లో రాబర్ట్ బర్న్ ముందుకు తెచ్చారు. రక్తప్రసరణను నడిపే అణువులు మరికొన్ని కూడా ఉన్నాయని తర్వాత తేలింది. అడెనోసిన్ వాటిలో ఒకటి.

4. ఒకే కబురుకు ఒక్కో చోట ఒక్కో జవాబు
అడెనోసిన్‌ను అందుకునే గ్రాహకాలు మన కణాల మీద నాలుగు రకాలున్నాయి. గుండె లయను నడిపే కణాల మీది రకం వేగాన్ని తగ్గిస్తుంది. గుండె ధమనుల మీది రకం వాటిని వెడల్పు చేస్తుంది. మూత్రపిండాల్లోకి రక్తం తెచ్చే సన్న నాళాలను మాత్రం ఇదే అడెనోసిన్ బిగిస్తుంది. ఫలితం కబురు ఒక్కదానితోనే తేలదు, దాన్ని అందుకునే కణాన్ని బట్టి మారుతుంది.

5. దాని ఆయుష్షు కొన్ని సెకన్లే
రక్తంలో కలిసిన అడెనోసిన్‌లో సగం 10 సెకన్లలోపే మాయమవుతుంది. ఎర్ర రక్తకణాలూ రక్తనాళాల లోపలి పొరా దాన్ని లాగేసుకుంటాయి. వైద్యులకు ఈ లక్షణమే కలిసివచ్చింది. కొందరికి ఉన్నట్టుండి గుండె నిమిషానికి 150, 200 సార్లు కొట్టుకుంటుంది. అలాంటి దడల్లో కొన్ని రకాలకు ఆసుపత్రిలో ఈసీజీ చూస్తూ 6 మిల్లీగ్రాముల అడెనోసిన్‌ను నరంలోకి వేగంగా ఎక్కిస్తారు. గుండె పై గదుల నుంచి కింది గదులకు విద్యుత్తు దాటే దారి క్షణకాలం మూసుకుని, లయ మళ్లీ సరిగ్గా మొదలవుతుంది. ఆ కాసేపు రోగికి ఛాతీ బిగిసినట్టు, ప్రాణం పోతున్నట్టు అనిపించవచ్చు. ముందే చెబితే భయం తగ్గుతుంది. ఆస్తమా ఉన్నవారు ఆ సంగతి వైద్యుడికి తప్పక చెప్పాలి.

6. చింతపల్లి కాఫీ ఈ కబురును అడ్డుకుంటుంది
నర్సీపట్నం నుంచి ఘాటీ ఎక్కితే లంబసింగి, ఆ పైన చింతపల్లి. ఆ మన్యంలో గిరిజన రైతులు పండించే కాఫీలోని కెఫీన్, అడెనోసిన్ కూర్చోవాల్సిన గ్రాహకాల్లో తాను కూర్చుంటుంది. కాఫీ తాగితే నిద్రమత్తు వదలడానికి ప్రధాన కారణం అదే. గుండెకు రక్తం ఎలా అందుతోందో అడెనోసిన్ ఎక్కించి స్కాన్ చేసే ముందు కాఫీ, టీ మానమనేది కూడా ఇందుకే. చాలాచోట్ల 24 గంటలు మానమంటారు. కప్పు టీయే కదా అని తాగి వెళ్తే పరీక్ష ఫలితం తప్పుదారి పట్టవచ్చు.

7. ఒకటి రక్తాన్ని గడ్డకట్టిస్తుంది, ఒకటి ఆపుతుంది
ఏటీపీలో ఒక ఫాస్ఫేట్ పోతే ఏడీపీ. రక్తనాళానికి గాయమైతే ప్లేట్‌లెట్లను గుంపు కమ్మని పిలిచేది ఇదే. పిలుపు హద్దు దాటకుండా, నాళం లోపలి పొర మీది ఎంజైములు ఏడీపీని అడెనోసిన్ వరకూ విరగ్గొడతాయి. అడెనోసిన్ ప్లేట్‌లెట్లను శాంతింపజేస్తుంది. స్టెంట్ వేసినవారు వాడే క్లోపిడోగ్రెల్ చేసే పని, ఏడీపీ పిలుపు ప్లేట్‌లెట్లకు అందకుండా చూడడమే. వైద్యుడిని అడగకుండా ఆ మాత్ర ఆపేస్తే స్టెంట్‌లో గడ్డ ఏర్పడే ప్రమాదం ఉంది.

8. నాలుక కింది మాత్రదీ ఇలాంటి దారే
రక్తనాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును విడుదల చేసి గోడలను సడలిస్తుంది. దీన్ని తేల్చిన ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ వచ్చింది. ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్ర ఒంట్లో అదే వాయువును పుట్టిస్తుంది.

9. సుబ్బారావుకు నోబెల్ రాలేదు
ఆయన 1948లో న్యూయార్క్‌లో కన్నుమూశారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది. ఆయన పేరు మన పిల్లలకు ఆయన బృందం తెచ్చిన ఫైలేరియా మందుతో పాటు ఏటీపీతోనూ గుర్తుండాలి.

10. గుండె చెప్పే కబురును మనమూ వినాలి
ఒంట్లోని ఏర్పాట్లు ఎంత గొప్పవైనా, గడ్డ అడ్డుపడి పూర్తిగా మూసుకున్న ధమనిని అడెనోసిన్ తెరవలేదు. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట, ఆగని దడ కనిపిస్తే గ్యాస్ అనుకుని తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. వాడుతున్న మాత్రల చీటీ వెంట తీసుకెళ్లండి. ఎంత త్వరగా చేరితే అంత గుండె కండరం దక్కుతుంది.