రెండు పేర్లు, ఒకటే బేరి

బ్రిటన్‌లో అడిగితే 'విలియమ్స్' అంటారు, అమెరికాలో 'బార్ట్‌లెట్'. పండు మాత్రం ఒకటే: పైన సన్నగా, కింద గుండ్రంగా, పండితే పసుపురంగు తిరిగే బేరిపండు (పియర్). ఈ రెండు పేర్ల కథ అంకెల్లో ఇదీ.

1770: ఇంచుమించు ఆ ఏట, ఇంగ్లండ్ బర్క్‌షైర్‌లోని ఆల్డర్‌మాస్టన్ ఊళ్లో ఓ బడిపంతులు తోటలో ఈ చెట్టు వెలుగులోకి వచ్చింది. రిచర్డ్ విలియమ్స్ అనే నర్సరీ యజమాని దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. పండుకు ఆయన పేరే నిలిచింది.

1 చెట్టు: బేరి గింజ నాటితే తల్లి గుణం రాదు. మన బంగినపల్లి మామిడిలాగే దీనికీ అంటు కట్టాల్సిందే. అంటే నేటి విలియమ్స్ చెట్లన్నీ ఆ ఒక్క చెట్టు కొమ్మలే. ఇందులో ఓ చిక్కుంది. బేరిని పొట్టిగా పెంచడానికి క్విన్స్ మొక్క వేరు వాడతారు; విలియమ్స్ దానితో సరిగా అతకదు. అందుకే రెండింటితోనూ పొసగే మరో బేరి ముక్కను మధ్యలో పెట్టి కడతారు.

1817: బోస్టన్ దగ్గర రాక్స్‌బరీలో ఇనాక్ బార్ట్‌లెట్ ఒక తోట కొన్నాడు. 1790ల చివర్లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఈ చెట్లు అందులో ఉన్నాయి. అసలు పేరు తెలియక, తన పేరుతోనే వాటిని నలుగురికీ పంచాడు.

11 ఏళ్లు: 1828లో ఐరోపా నుంచి మరికొన్ని చెట్లు దిగాకగానీ ఇది విలియమ్సేనని తేలలేదు. అప్పటికే అమెరికన్ల నోట 'బార్ట్‌లెట్' నానిపోయింది.

1938: వాషింగ్టన్ రాష్ట్రంలోని జిలా (Zillah) అనే ఊళ్లో ఓ బార్ట్‌లెట్ చెట్టులో ఒక కొమ్మ ఎర్రటి కాయలు కాసింది. ఆ కొమ్మ నుంచి వచ్చిందే 'మ్యాక్స్ రెడ్ బార్ట్‌లెట్'.

84 శాతం: పండులో సుమారుగా నీరు ఇంత. 100 గ్రాములకు పీచు 3 గ్రాముల పైచిలుకు. పంటికి తగిలే ఇసుకలాంటి పలుకులు గోడలు గట్టిపడ్డ కణాలు.

మైనస్ 1 డిగ్రీ: చెట్టు మీదే పండనిస్తే బేరి లోపలి నుంచి మెత్తబడి చెడుతుంది. అందుకే పచ్చిగా, గట్టిగా ఉండగానే కోసి ఈ చలిలో నిల్వ చేస్తారు. ఇంటికి తెచ్చాక బయటే ఉంచండి. పసుపు తిరిగాక తొడిమ పక్కన బొటనవేలితో మెల్లగా నొక్కండి. కాస్త లొంగితే కోసుకోవచ్చు. బొడ్డు దాకా మెత్తబడిందంటే ఆలస్యమైనట్టే.